సెలవుల్లో హాస్టల్‌కు తాళం – ఇంటర్న్‌షిప్‌కు దారేది?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో డీఎస్సీ గురించి, గ్రూప్స్ గురించి, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గురించి ఏటా వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. లా చదువు గురించి వచ్చినట్టు మాత్రం మాకు గుర్తు లేదు. లా అనగానే మన ఊళ్లలో "ప్లీడరు చదువా, డబ్బున్నోళ్ల చదువు గదా" అంటారు. లేదంటే "యాడా సీటు రాలేదా నాయనా" అని జాలిపడతారు. మేము ఈ రెండు మాటలూ విన్నవాళ్లమే. మా ఇళ్లలో డిగ్రీ పట్టా మొదట చేతికి తీసుకున్నది మేమే. ఇక్కడే ఉండి ఐదేళ్ల లా పూర్తి చేసి, ఇప్పుడు ఎల్‌ఎల్‌ఎం చదువుతున్నాం. ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకొని చదివిన అనుభవంతో కొన్ని అభిప్రాయాలు మీ ముందు పెడుతున్నాం. ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికలో జవాబు రాస్తే సంతోషిస్తాం.

లా విద్యార్థికి పరీక్షలు రెండు రకాలని మా అభిప్రాయం. ఒకటి హాల్‌టికెట్ ఉన్న పరీక్ష. లాసెట్, క్లాట్, సెమిస్టర్లు, బార్ పరీక్ష, జడ్జి పరీక్ష ఈ కోవలోవి. వీటికి సిలబస్ ఉంటుంది, తేదీ ఉంటుంది, ఫీజులో కొంత రాయితీ ఉంటుంది, రిజర్వేషన్ ఉంటుంది. ఫెయిలైతే ఎన్ని మార్కులతో ఫెయిలయ్యామో తెలుస్తుంది. రెండోది హాల్‌టికెట్ లేని పరీక్ష. దాని పేరు ఇంటర్న్‌షిప్. దానికి సిలబస్ లేదు, కటాఫ్ లేదు, ఎందుకు తీసుకోలేదో చెప్పేవాడు లేడు. ఐదేళ్ల తర్వాత ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఎక్కువగా నిర్ణయించేది మాత్రం ఈ రెండోదే.

ఇది ఇష్టముంటే చేసేది, లేకుంటే మానేసేది కూడా కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నిబంధనల ప్రకారం మూడేళ్ల లా చదివేవాళ్లు మొత్తం 12 వారాలు, ఐదేళ్ల లా చదివేవాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి. ఏ సంవత్సరంలోనైనా వరుసగా నాలుగు వారాలకు మించి చేయరాదు. ట్రయల్ కోర్టు, అప్పిలేట్ కోర్టు న్యాయవాదుల దగ్గర కనీసం ఒకసారైనా పని చూసి ఉండాలి. తరగతులు జరిగే రోజుల్లో నాలుగు వారాలు ఎక్కడికి పోతాం? కాబట్టి ఇంటర్న్‌షిప్ అంటే వేసవి సెలవులే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సెలవులు ఇవ్వగానే మన హాస్టల్‌కు తాళం పడుతుంది. మెస్ ఆగిపోతుంది, వంట మనుషులు ఇళ్లకు పోతారు, పెట్టెలు సర్దుకొని మనమూ పోవాలి. ఎక్కడికి? ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు పిల్లలకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అమ్మానాయనలు సుగ్గికి గుంటూరు వైపు పోయి ఉంటే ఇంటికీ తాళమే. మిరప కోతలు అయిపోయి వాళ్లు ఊరికి వచ్చినా, మన ఊరి నుంచి జిల్లా కోర్టుకు రోజూ రానుపోను ఛార్జీలకు అమ్మ కూలి డబ్బుల్లో సగం పోతుంది. పొద్దున పదిన్నరకు కోర్టులో ఉండాలంటే తొలి బస్సు దొరకాలి, సాయంత్రం ఆఫీసులో లాయరు గారు కూర్చునే వేళకు ఊరికి చివరి బస్సు వెళ్లిపోతుంది. లాయరు ఆఫీసులో అసలు పని జరిగేది సాయంత్రమే. కక్షిదారులు వచ్చేదీ, ఫైళ్లు తెరిచేదీ, మర్నాటి కేసుకు సిద్ధమయ్యేదీ అప్పుడే. ఊరి నుంచి వచ్చిపోయే పిల్లవాడు కోర్టు చూస్తాడు గానీ ఆఫీసు చూడలేడు. సగం చదువు అక్కడే పోతుంది.

హైదరాబాదు సంగతి చెప్పేదేముంది. ఒక వేసవిలో మేము ముగ్గురం అక్కడ నెల రోజులు ఉండాలంటే ఎంతవుతుందో కూర్చొని లెక్క వేశాం. ప్రైవేటు హాస్టలు, తిండి, బస్సు పాసు, నల్లకోటు, తెల్లచొక్కాలు, బూట్లు అన్నీ కలిపి తలకు 12,000 దగ్గర తేలింది. కొన్ని పెద్ద ఆఫీసులు ఇంటర్న్‌లకు కొంత స్టైపెండ్ ఇస్తాయి. మామూలు ఆఫీసుల్లో ఎక్కువ చోట్ల ఏమీ ఇవ్వరు, పని నేర్పడమే ఇచ్చినట్టు. ఉచితంగా పని చేయగలగడం కూడా ఒక ఆస్తే అని మాకు ఆ రోజు అర్థమైంది. ఆ ఆస్తి ఉన్నవాడి బయోడేటాలో నాలుగు ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి. లేనివాడి బయోడేటాలో "కష్టపడే స్వభావం" అని ఉంటుంది.

లా ఫర్మ్‌లకు దరఖాస్తులు ఎలా పోతాయో తెలియని తమ్ముళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాం. నోటిఫికేషన్ పడదు, పేపర్లో ప్రకటన రాదు. బయోడేటా ఒకటి, దానితో పాటు మనం ఎవరం, ఏ నెలలో వస్తాం, ఏ పని నేర్చుకోవాలనుకుంటున్నాం అని చెప్పే ఉత్తరం ఒకటి ఈ-మెయిల్‌లో పంపాలి, లేదా వాళ్ల వెబ్‌సైట్‌లో ఫారం నింపాలి. మే నెల కోసం ఏప్రిల్‌లో పంపితే పెద్ద ఆఫీసుల్లో పని జరగదు, సంక్రాంతి సెలవులకే పంపేసి ఉండాలి. మేము పంపిన వాటిలో ఎక్కువ శాతానికి జవాబే రాలేదు. ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మొదటి ప్రశ్న "ఏ కాలేజీ?" అని. చెప్పాం. "చూసి చెబుతాం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నట్టున్నారు.

వాళ్లు చూసేవి ఏమిటంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం పేరు, మూట్ కోర్టు పోటీలు, పత్రికల్లో వ్యాసాలు, అంతకు ముందు చేసిన ఇంటర్న్‌షిప్‌లు. మూట్ కోర్టుకు వేరే రాష్ట్రం పోవాలంటే ఎంట్రీ ఫీజు, రైలు టికెట్టు మనదే. వ్యాసం అచ్చు వేయడానికి డబ్బు అడిగే పత్రికలు బోలెడు. రెండు వారాల ఆన్‌లైన్ కోర్సుకు ఇంత, సర్టిఫికెట్‌కు ఇంత అని పెద్ద సంతే నడుస్తోంది. ఇంటర్న్‌షిప్ ఇస్తామని చెప్పి విద్యార్థి దగ్గరే ఫీజు అడిగే వాళ్లను కూడా చూశాం. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ గట్టిగా చెబుతున్నాం. ఈ సంతలో ఒక్క రూపాయి పెట్టవద్దు. ఫైలు నిండా రంగుల సర్టిఫికెట్లు పెట్టుకున్నవాడి కంటే, ఒక తీర్పు చదివి రెండు పేజీల్లో అందులో విషయం ఏమిటో సొంత మాటల్లో రాసి బయోడేటాకు జత చేసినవాడికి విలువ ఎక్కువ. దానికి ఖర్చు లేదు. సుప్రీంకోర్టు తీర్పులు కోర్టు వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. (అన్నట్టు, ఈ-మెయిల్ చిరునామా మార్చుకోండి. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న 'లవ్లీబాయ్' పేరుతో లా ఫర్మ్‌కు దరఖాస్తు పంపితే తెరవకముందే నవ్వుకుంటారు.)

మా సీనియర్ అన్నలు కొందరు "అవి మనవి గావు, వదిలెయ్యండి" అంటారు. వారి మీద గౌరవంతోనే మేము ఈ మాటను ఒప్పుకోవడం లేదు. ఒక ఉదాహరణ చెబుతాం. హైదరాబాదులో లా ఫర్మ్‌లకు భూముల పని చాలా ఉంటుంది. ఒక కంపెనీ భూమి కొంటుందన్నా, బ్యాంకు భూమి మీద అప్పు ఇస్తుందన్నా ముందు టైటిల్ చూడాలి. అంటే పాత రిజిస్ట్రేషన్ దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పహాణీ, మన వైపైతే అడంగల్, 1బి, భాగపరిష్కార పత్రాలు, వీలునామాలు చదవాలి. ఇవి ఎక్కువ భాగం తెలుగులో ఉంటాయి. ముప్పై నలభై ఏళ్ల కిందటి దస్తావేజు లేఖరి చేతిరాతను, అందులో "చెక్కుబందీ" అంటే ఏమిటో, "తూర్పున ఫలానా వారి మెట్ట" అంటే ఏమిటో తెలిసి చదివేవాళ్లు ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో ఎంతమంది ఉంటారు? మన నాయనల పట్టాదారు పాసుపుస్తకం పట్టుకొని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన చదువు మనకు ఉంది. దాన్ని బయోడేటాలో ఒక వాక్యంగా రాయాలి. "తెలుగు దస్తావేజులు, రెవెన్యూ రికార్డులు చదివి ఇంగ్లిష్‌లో సారాంశం రాయగలను" అని రాసి పంపిన తర్వాతే మాలో ఒకరికి నాలుగు వారాల పిలుపు వచ్చింది. మనం సిగ్గుపడి దాచుకునే తెలుగు మీడియమే అక్కడ పనికి వచ్చింది.

అయితే లా ఫర్మ్ ఒక్కటే ఇంటర్న్‌షిప్ అనుకొని జిల్లా కోర్టును చిన్నచూపు చూడడం కూడా మాకు నచ్చదు. పొద్దున కాల్‌వర్క్ అప్పుడు బెంచ్ క్లర్క్ కేసులు పిలుస్తుంటే, ఏ కేసు ఎందుకు వాయిదా పడుతోందో నెల రోజులు రాసుకుంటూ పోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సగం వచ్చేస్తుంది. వకాలత్ నింపడం, సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టడం, లిమిటేషన్ రోజులు లెక్కకట్టడం గుమాస్తా గారు నేర్పినంత బాగా ప్రొఫెసర్లు నేర్పలేరు. గుమాస్తాలను గౌరవంగా "సార్" అని పిలవండి, ఒక టీ ఇప్పించండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నడిచే ప్రత్యేక కోర్టులో కూర్చోండి. 1989 నాటి ఈ చట్టానికి 1995లో చేసిన నిబంధనల్లో బాధితులకు, సాక్షులకు రానుపోను ఖర్చులు, భత్యం ఇవ్వాలని ఉంది. కూలి పని మానుకొని వచ్చి వరండాలో కూర్చున్న సాక్షుల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసో అడిగి చూడండి. అలాగే ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. అక్కడి కార్యదర్శికి దరఖాస్తు పెట్టుకొని లోక్ అదాలత్‌లు, న్యాయ విజ్ఞాన సదస్సుల్లో పని చేయవచ్చు. ఇది ఇంటర్న్‌షిప్ కిందికే వస్తుంది.

ఇక హాల్‌టికెట్ ఉన్న పరీక్షల గురించి. మన పిల్లలు లాసెట్ రాస్తారు, క్లాట్ జోలికి పోరు. కారణం తెలిసిందే. లాసెట్ తెలుగులోనూ ఉంటుంది, 120 ప్రశ్నలు, తప్పుకు మార్కు తీసేయరు. క్లాట్ ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఒక్కో పేరా 450 పదాల దాకా ఉంటుంది, దాన్ని చదివి ప్రశ్నలకు జవాబు పెట్టాలి. 2026 ప్రవేశాల క్లాట్‌కు ఎస్సీ, ఎస్టీలకు కూడా దరఖాస్తు రుసుము 3,500 రూపాయలు. ఇది చట్ట జ్ఞానానికి పరీక్ష కాదు, ఇంగ్లిష్ చదివే వేగానికి పరీక్ష అని మా ఆరోపణ. అలాగని వదిలేయమని చెప్పం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ జాబితాలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు కొన్ని ఉన్నాయి, సీటు వస్తే ఫీజుకు దారి ఉంది. మన కర్నూలు పక్కన పెదపాడులో పుట్టి, మద్రాసులో లా చదివి, 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య గారి పేరుతోనే విశాఖపట్నంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆయన జిల్లా హాస్టల్ పిల్లలకు ఆ పరీక్ష ఎప్పుడు జరుగుతుందో తెలియకపోవడం ఏమి న్యాయం? ఇంటర్ మొదటి సంవత్సరం నుంచే స్టడీ అవర్‌లో రోజుకు ఒక ఇంగ్లిష్ సంపాదకీయం పైకి చదివే అలవాటు పెడితే చాలు. దానికి హాస్టల్‌కు ఒక ఇంగ్లిష్ పేపరు వేయించాలి. ఇప్పుడు వస్తున్నవి రెండూ తెలుగు పేపర్లే, అందులోనూ సినిమా పేజీ సాయంత్రానికి మాయమవుతుంది.

పుస్తకాల విషయంలో ఒక హెచ్చరిక. మన లైబ్రరీ బీరువాలో ఉన్న క్రిమినల్ లా పుస్తకాలన్నీ ఐపీసీ కాలం నాటివి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చాయి. 511 సెక్షన్ల ఐపీసీ స్థానంలో 358 సెక్షన్ల సంహిత వచ్చింది. 302 పోయి 103 అయింది, మోసానికి అందరి నోటా నానిన 420 ఇప్పుడు 318లో కలిసింది. అలాగని పాత పుస్తకాలు తూకానికి వేయకండి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలు ఐపీసీ కిందనే విచారణకు వస్తాయి, కోర్టుల్లో ఆ కేసులు ఇంకా చాలా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదవాలి. గైడ్లు కొనే డబ్బుతో బేర్ యాక్ట్‌లు కొనండి. బార్ పరీక్షకు లోపలికి తీసుకుపోనిచ్చేది కూడా నోట్సు లేని బేర్ యాక్ట్ ఒక్కటే. ఆ పరీక్షలో 100 ప్రశ్నలు, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే ఉత్తీర్ణత. తెలుగులో కూడా రాయవచ్చు. పుస్తకంలో ఎక్కడ ఏముందో చేతికి తెలిసినవాడికి అది భయపడేంత పరీక్ష కాదు.

భయపడాల్సింది దాని తర్వాతి కాలానికి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష మనలాంటివాళ్లకు పెద్ద ఆశ. పెద్ద లాయరు కొడుకైనా, కూలివాడి కొడుకైనా ఒకే ప్రశ్నపత్రం. తెలుగు–ఇంగ్లిష్ అనువాదం కూడా ఉంటుంది కనుక అక్కడా మన తెలుగు పనికొస్తుంది. 2002లో సుప్రీంకోర్టు శెట్టి కమిషన్ సిఫారసు మేరకు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధన తీసేయడంతో కాలేజీ నుంచి నేరుగా ఈ పరీక్ష రాసే వీలు కలిగింది. 2025 మే 20న అదే కోర్టు ఆ నిబంధనను తిరిగి పెట్టింది. కోర్టు ముఖం చూడని 23 ఏళ్ల వ్యక్తి జడ్జి కుర్చీలో కూర్చోవడం కష్టమే, ఆ మాట మేమూ ఒప్పుకుంటాం. కానీ ఆ మూడేళ్లు తినేదేమిటి? జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసు మాత్రమే. మాకు తెలిసిన జూనియర్లలో అంత తీసుకుంటున్నవాళ్లు ఒక్కరూ లేరు. తండ్రి ఆఫీసు ఉన్నవాడికి మూడేళ్లు అనుభవం అవుతాయి, లేనివాడికి మూడేళ్లు అప్పు అవుతాయి. సంక్షేమ శాఖల్లో లా పట్టభద్రులకు ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర శిక్షణ, స్టైపెండ్ ఇచ్చే పథకం ఒకటి చాలా ఏళ్ల క్రితమే పెట్టారు. మూడేళ్లు తప్పనిసరి అన్న తర్వాత ఆ పథకానికి సీట్లూ, స్టైపెండూ పెంచమని అడగడం న్యాయమే.

అడిగితే వస్తుందా అనే తమ్ముళ్లకు ఒక మాట. అంబేడ్కర్ గారు 1923లో లండన్ నుంచి బారిస్టరై తిరిగివచ్చినప్పుడు బొంబాయిలో ప్రాక్టీసుకు సనదు తీసుకోవడానికి చేతిలో డబ్బు లేదు. మిత్రుడు నావల్ భతేనా సహాయం చేశారు. ఆ తర్వాత నూరేళ్లకు కూడా మన పిల్లలు సనదు ఫీజు కోసం అప్పు చేస్తూనే ఉన్నారు. అడ్వకేట్ల చట్టం 1961లో ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వారికి 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు అని రాసి ఉండగా, రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు ఆ పేరూ ఈ పేరూ చెప్పి వేలకు వేలు వసూలు చేశాయి. కొన్ని చోట్ల 40,000 దాటింది. ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లారు. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోరాదని తీర్పు చెప్పింది. బలహీన వర్గాల పిల్లలకు ఈ ఫీజు ఎలా అడ్డుగోడ అవుతుందో ఆ తీర్పులో వివరంగా రాశారు. మన బీరువాలో దాని ప్రింటు ఒకటి పెట్టాం, చదవండి.

కాబట్టి మేము అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. జిల్లా కేంద్రంలో ఒక్క హాస్టల్, అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి, వేసవిలో తెరిచి ఉంచాలి. లా ఒక్కటే కాదు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయిన ఏ కోర్సు పిల్లలైనా కాలేజీ నుంచి పత్రం తెచ్చి ఆ నెల అక్కడ ఉండవచ్చు. మెస్ ఛార్జీలు ఆ నెలకూ విడుదల చేయాలి. అమ్మాయిల విషయం వేరే చెప్పాలి. సాయంత్రం ఏడింటికి గేటు మూసే హాస్టల్‌లో ఉండి లాయరు ఆఫీసులో పని నేర్చుకోవడం కుదరదు. ఆఫీసు నుంచి ఉత్తరం తెచ్చినవారికి ఎనిమిదిన్నర దాకా అనుమతి ఇవ్వాలి. అంత రాత్రి ఆడపిల్లలు ఎందుకు అని అడిగేవాళ్లు కోర్టుల్లో మహిళా న్యాయవాదులు ఎందుకు తక్కువగా ఉన్నారని మాత్రం అడగకూడదు.

పూర్వ విద్యార్థుల్లో న్యాయవాదులైన అన్నలు, అక్కలు కర్నూలు, ఆదోని, నంద్యాల, హైదరాబాదు కోర్టుల్లో ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చి ట్యూబులైట్లు, క్రికెట్ కిట్లు బహూకరిస్తున్నారు. వారికి మా ధన్యవాదాలు. ఈ ఏడు వాటికి బదులు వేసవిలో తలా ఇద్దరు పిల్లలను మీ ఆఫీసులో నాలుగు వారాలు కూర్చోబెట్టుకోండి, బస్సు ఛార్జీలు ఇవ్వండి, చివర్లో వాళ్లు ఏం చేశారో నిజంగా రాసి సర్టిఫికెట్ ఇవ్వండి. వేసవి హాస్టల్ కోసం జిల్లా సంక్షేమ అధికారి గారికి ఇవ్వబోయే వినతిపత్రం వార్డెన్ గారి గదిలో బల్ల మీద ఉంది. ఇంటర్న్‌లను తీసుకునేవారి కోసం దాని పక్కనే ఒక రిజిస్టరు పెట్టాం. సంతకంతో పాటు ఏ కోర్టు, ఎంతమందిని తీసుకుంటారు, ఫోన్ నంబరు ఏమిటి అన్నవి కూడా రాయండి. ఫిబ్రవరి లోపల పిల్లల పేర్లతో మేమే మీకు ఫోన్ చేస్తాం.